బందరు రోడ్డు చివర ఒక కోట

గవర్నర్‌పేటలో చదువుకున్న మనందరికీ బందరు రోడ్డు ఇంటి వాకిలి లాంటిది. సైకిళ్ల మీద, సిటీ బస్సుల్లో, పరీక్షల రోజుల్లో కాలినడకన ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. దానికి మహాత్మాగాంధీ రోడ్డు అని పేరు పెట్టినా మన నోటికి రాలేదు. ఇప్పటికీ ఆటో ఎక్కితే బందరు రోడ్డనే చెబుతాం. అయితే ఆ రోడ్డు పేరులో ఉన్న బందరు ఏమిటో, రోడ్డు పట్టుకుని చివరిదాకా వెళ్తే ఏముంటుందో మనలో ఎక్కువ మంది పట్టించుకోలేదు. బందరు లడ్డూ ఉంటుందని మాత్రం అందరికీ తెలుసు!

ఈ రోడ్డు మీద సుమారు 70 కిలోమీటర్లు వెళ్తే మచిలీపట్నం. ఊరు దాటి ఆగ్నేయంగా గిలకలదిండి చేపల రేవు వైపు వెళ్తే బందరు కోట అనే చిన్న ఊరు. అక్కడ సర్కారు తుమ్మల మధ్య కొన్ని పాత ఇటుక కట్టడాలు శిథిలంగా నిలబడి ఉన్నాయి. ఒక ఆయుధాగారం, ఒక గంటల గోపురం, ఇంకొన్ని మొండి గోడలు. ఒకప్పుడు తూర్పు తీరంలో మూడు దేశాలు కొట్టుకున్న ఫిరంగి కోటలో మిగిలింది అంతే. మన సాంఘికశాస్త్రం పుస్తకంలో ఈ కోట గురించి రెండు వాక్యాలున్నట్టు గుర్తు. ఉద్యోగరీత్యా ముప్ఫై ఏళ్లు ఇటుక, సున్నం, సిమెంటు, నీరు మధ్య గడిపినవాణ్ణి కాబట్టి ఆ రెండు వాక్యాలకు కొంత చేర్చి ఈ సంచికకు రాస్తున్నాను. ఇది రాజుల కథ కన్నా నీటి కథ. ఈ కోటను కాపాడింది నీరే. పట్టించింది నీరే. ఇప్పుడు కొరుక్కు తింటున్నదీ నీరే.

రేవు కాని రేవు

బందరు అంటే పారశీక భాషలో రేవు. గోల్కొండ సుల్తానుల రాజ్యానికి ఇదే ముఖ్యమైన సముద్ర ద్వారం. మన కలంకారీ బట్టలు, అద్దకాలు, గోల్కొండ వజ్రాలు ఇక్కడినుంచే ఓడలెక్కేవి. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు వచ్చారు. 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. వాళ్లు వెళ్లిపోయినా పేర్లు మిగిలాయి. వలందులు అంటే డచ్చివారు, పరాసులు అంటే ఫ్రెంచివారు. మచిలీపట్నంలో ఇవాళ్టికీ వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. చిరునామాల్లోనే చరిత్ర రాసిపెట్టుకున్న ఊరు అది.

చిత్రమేమిటంటే ఇంత పేరున్న రేవుకు లోతు లేదు. కృష్ణమ్మ వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రుతో ఏర్పడిన తీరం అది. సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు కొన్ని మైళ్ల దూరంలోనే లంగరు వేసేవి. సరుకు, మనుషులు పడవల మీద కాలువలోకి రావాలి. ఊరికి, సముద్రానికి మధ్య పోటు వేళ నీరు ఎక్కి, ఆటు వేళ దిగిపోయే చిత్తడి నేల. కోట కట్టింది ఆ చిత్తడిలోనే.

కొండపల్లి, బందరు: రెండు రకాల కోటలు

మనకు కోట అంటే కొండపల్లి గుర్తొస్తుంది. కొండమీద రాతి గోడ, కింద లోయ, మెలికలు తిరిగే దారి. ఎత్తే దాని బలం. పైనున్నవాడు చూస్తాడు, కిందివాడు ఆయాసపడతాడు. బందరు కోటకు ఆ సౌకర్యం లేదు. కొండ లేదు, దగ్గర్లో రాయి లేదు. కాలు పెడితే దిగబడే నేల మీద బరువైన రాతి గోడ కడితే అది తన బరువుకు తానే కుంగుతుంది. అందుకని ఎత్తు తక్కువ, మందం ఎక్కువ ఉన్న మట్టి కట్టలు పోసి, వాటికి ఇటుక తొడుగు వేశారు. మధ్యమధ్య బురుజులు. ఒక బురుజు మీది ఫిరంగి పక్క బురుజు పాదం దాకా కొట్టగలగాలి. గోడ కింద శత్రువు దాక్కునే చోటు ఉండకూడదని ఆ అమరిక. గోడ బయట నీటి కందకం, కట్టెల దడి.

మట్టి కట్టను తక్కువగా చూడకూడదు. ఫిరంగి గుండు తగిలితే రాతి గోడ పగిలి పెళ్లలు ఊడుతుంది. మట్టి కట్టలో గుండు దిగబడి ఆగిపోతుంది. కొంత మట్టి రాలినా రాత్రికి రాత్రి తట్టలతో పూడ్చుకోవచ్చు. ఇంగ్లీషువారు ముట్టడించినప్పుడు జరిగింది అదే. పగలంతా బయటి ఫిరంగులు కూల్చినదాన్ని రాత్రి లోపలివాళ్లు మళ్లీ నింపేవారు.

అయినా కోట కట్టినవాళ్ల అసలు ధీమా గోడ మీద కాదు, చుట్టూ ఉన్న బురద మీద. దక్షిణం వైపు సముద్రపు పాయ. మిగతా వైపుల చిత్తడి. పేట నుంచి కోటకు చిత్తడి మీదుగా ఒకటే కట్ట దారి. ఆ దారిని ఫిరంగులు కాపలా కాస్తే సైన్యం ఎటునుంచి వస్తుంది? బురదలో ఫిరంగి లాగలేరు, వరస కట్టలేరు, పరుగెత్తలేరు. ఆ లెక్క తప్పని చెప్పలేం. కాకపోతే బురదకు కూడా ఒక గడియారం ఉంటుంది.

1759 ఏప్రిల్ 7, అర్ధరాత్రి

1750లో మచిలీపట్నం ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1753లో సలాబత్ జంగ్ నుంచి ఉత్తర సర్కారులు కూడా బుస్సీ సంపాదించాడు. అంటే మన కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సీమలన్నీ. 1757లో బొబ్బిలి యుద్ధంలో విజయనగరం వారి వెనుక నిలిచింది ఈ బుస్సీయే. ఆ యుద్ధం ముగిసీ ముగియగానే విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడైన సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆయన తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. ఫ్రెంచి సేనాని లాలీ 1758లో బుస్సీని దక్షిణానికి పిలిపించుకోగానే, ఆనందరాజు విశాఖపట్నంలో ఫ్రెంచివారిని తరిమి, బెంగాల్లో ఉన్న క్లైవుకు కబురు పెట్టాడు. క్లైవు కర్నల్ ఫోర్డును సముద్రం మీద పంపాడు. 1758 డిసెంబరులో ఇప్పటి కాకినాడ జిల్లా చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాపతి కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయి బందరు కోటకు చేరాడు. ఆనందరాజు తన సేనతో తోడు రాగా ఫోర్డు 1759 మార్చి 6న కోట ముందు దిగాడు.

ఇక్కడ మన ఊరు కథలోకి వస్తుంది. ఫ్రెంచివారికి సాయంగా సలాబత్ జంగ్ హైదరాబాదు నుంచి బయల్దేరి పెద్ద సైన్యంతో బెజవాడ చేరాడు. 15,000 గుర్రాలు, 20,000 కాలిబలం అని నాటి చరిత్రకారులు రాశారు. ఇంకో 40 మైళ్లు నడిస్తే బందరు. అంటే ఇవాళ మన బస్సులు వెళ్లే దూరమే ఫోర్డుకు మిగిలిన వ్యవధి. ఫోర్డు పరిస్థితి అంత బాగాలేదు. జీతాలు, కొల్లసొమ్ము అందలేదని ఆయన ఐరోపా సైనికులు ఒకరోజు ఆయుధాలతో సహా తిరగబడ్డారు. నచ్చజెప్పి నిలబెట్టాడు. తూర్పున ఇసుక మెరక మీద పెట్టిన ఫిరంగులతో రెండు వారాలు కొట్టినా పని పూర్తి కాలేదు. ఏప్రిల్ 7న ఫిరంగి అధికారులు వచ్చి రెండు రోజులకు సరిపడా మందుగుండే మిగిలిందని చెప్పారు. ఎదుట కోట, వెనక నిజాం సైన్యం, చేతిలో రెండు రోజుల మందు.

ఓడలెక్కి వెళ్లిపోవచ్చు. ఫోర్డు వేరే లెక్క వేశాడు. ఆ రాత్రి ఆటు అర్ధరాత్రి వేళకు పూర్తిగా దిగుతుంది. కందకాల్లోనూ చిత్తడిలోనూ నీరు తక్కువగా ఉండేది అప్పుడే. మన తీరంలో ఆటుకూ పోటుకూ ఉన్న తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. కానీ నడుంలోతు నీళ్లలో తుపాకీ మందు తడవకుండా నడవడానికీ, గొంతులోతులో ఈదడానికీ మధ్య ఉన్న తేడా అదే.

దండును మూడుగా విడదీశాడు. కెప్టెన్ నాక్స్ సిపాయిలతో నైరుతి వైపు చిత్తడిలో పడి వెళ్లి అటునుంచి కోటను కలవరపెట్టాలి. ఆనందరాజు సేన కట్ట దారి వైపు ద్వారం మీద గోల చేయాలి. అసలు దెబ్బ ఈశాన్యపు బురుజు మీద. మొత్తం కలిపి దాడిలో ఉన్న కంపెనీ బలం 346 మంది ఐరోపావారు, 1,400 మంది సిపాయిలు. వీళ్లలో ఓడల నుంచి దిగిన నావికులు కూడా ఉన్నారు. కోటలో ఉన్నది సుమారు 500 మంది ఐరోపావారు, ఇంకా 2,500 మందికి పైగా సిపాయిలు, ఇతరులు. బయటివాళ్లకన్నా లోపలివాళ్లే ఎక్కువన్నమాట.

బురదలో మోకాళ్ల దాకా దిగబడుతూ వచ్చినవాళ్లు దడి దగ్గరికి చేరేదాకా కోటకు తెలియలేదు. తెలిశాక గుండ్ల వాన కురిసింది. కానీ మూడు వైపుల నుంచి కాల్పులు వినపడేసరికి కాన్‌ఫ్లాన్స్‌కు ఏది నిజమైన దాడో అంతుపట్టలేదు. మనుషుల్ని ఎటు పంపాలో తేల్చుకునేలోగా బురుజులు ఒక్కొక్కటే పోయాయి. ఆయన షరతులతో లొంగుతానన్నాడు. షరతుల్లేవు, వెంటనే లొంగాలని ఫోర్డు జవాబు. తెల్లారేసరికి కోట, అందులోని 120 ఫిరంగులు ఇంగ్లీషువారివి. ఐరోపా సైనికుల్లో 22 మంది, సిపాయిల్లో 50 మంది చనిపోయారు. గాయపడ్డ సిపాయిలు 150 మంది. ఆ రెండు జాబితాల్లో పొడవైనదాంట్లో ఉన్న పేర్లు మనకు ఒక్కటీ తెలియవు. పుస్తకాల్లో మిగిలినవి కెప్టెన్ల పేర్లే.

వారం తిరిగేసరికి ఏప్రిల్ 15న పుదుచ్చేరి నుంచి 300 మందితో ఫ్రెంచి ఓడలు వచ్చాయి. కోట మీద జెండా మారిపోయింది, వెనుదిరిగాయి.

బెజవాడలో ఆగిన సైన్యం

కోట పోయిందని తెలిశాక సలాబత్ జంగ్‌కు యుద్ధం చేసి లాభం కనపడలేదు. 1759 మే 14న ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసుకున్నాడు. మచిలీపట్నం, నిజాంపట్నం, వాటి చుట్టుపక్కల సీమలు కంపెనీకి దక్కాయి. ఫ్రెంచివారిని తన కొలువులో పెట్టుకోనని మాట ఇచ్చాడు. 1765లో మొగలు పాదుషా షా ఆలం ఉత్తర సర్కారులను కంపెనీకి ఇస్తూ ఫర్మానా ఇవ్వడం, 1766లో నిజాం ఒప్పుకోవడం దీని కొనసాగింపే. ప్లాసీ గురించి మనం పరీక్షల్లో పేజీలు రాశాం. కోస్తా ఆంధ్ర కంపెనీ చేతిలోకి పోవడానికి తలుపు తెరిచింది మాత్రం మన జిల్లాలో, మన రోడ్డు చివర, ఒక ఆటు వేళ.

ఫోర్డు తెలివిని మెచ్చుకోవచ్చు. దాంతోబాటు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రాత్రి చిత్తడిలో నడిచినవాళ్లలో అయిదింట నలుగురు మనవాళ్లే. లోపల కాపలా కాసినవాళ్లలో ఎక్కువమందీ మనవాళ్లే. ఇద్దరు పరాయివాళ్ల లెక్క తేల్చడానికి ఇరువైపులా మనవాళ్లు చచ్చారు. ఆ ఇటుకల దగ్గర నిలబడితే నాకు ముందు తట్టేది అదే.

1864 నవంబరు 1

తర్వాత నూరేళ్లు ఇంగ్లీషు దండు అక్కడ ఉంది. 1864 నవంబరు 1న తుపాను వచ్చింది. గాలితోబాటు సముద్రం ఉప్పెనగా లేచి బందరు మీద పడింది. సుమారు 30,000 మంది చనిపోయారని నాటి అంచనా. మన తరానికి ఉప్పెన అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగింది మన చిన్నతనంలో ఇంటింటా మాట్లాడుకున్నదే.

ఇంజినీరు కళ్లతో చూస్తే ఉప్పెనకు కారణం ఆ నేల వాలే. తుపాను గాలి నీటిని తీరం వైపు నెడుతుంది. లోతైన సముద్రంలో ఆ నీరు అడుగున వెనక్కి పారిపోతుంది. లోతు తక్కువైన చోట వెనక్కి పోవడానికి దారి ఉండదు, పైకి లేస్తుంది. ఏ లోతులేనితనం పెద్ద ఓడలను దూరంగా ఆపిందో, అదే సముద్రాన్ని ఊళ్లోకి తెచ్చింది. కందకం, బురుజు, ఫిరంగి అన్నీ మనిషి మీదికి గురిపెట్టినవి. ఉప్పెనకు గురి ఎక్కడ పెడతారు? ఆ తర్వాత కోటలో సైన్యం ఉండలేదు.

బెజవాడ పెరిగిన కారణం

కోట పాడుబడటానికి తుపాను ఒక్కటే కారణం కాదు. 1852-55 మధ్య కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టారు. దానితో డెల్టా కాలువలు పారాయి. మన బందరు కాలువ అందులో ఒకటి. మొదట్లో ఆ కాలువలో పడవల మీద సరుకు బందరు వెళ్లేది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చాక మద్రాసు, కలకత్తా వైపులకు దారి బెజవాడలో తెరుచుకుంది. హైదరాబాదు రైలు ముందే వచ్చి ఉంది. మూడు దిక్కుల రైళ్లు కలిసిన ఊళ్లో వ్యాపారం నిలుస్తుంది గానీ, ఓడ దూరంగా ఆగే ఊళ్లో ఎందుకు నిలుస్తుంది? 1908లో బందరుకూ రైలు వేశారు. అప్పటికే వ్యాపారం దిశ మారిపోయింది. గవర్నర్‌పేట, దాని దుకాణాలు, ప్రెస్సులు, సినిమా హాళ్లు, మన బడి ఇవన్నీ ఆ మార్పు ఇచ్చినవే. బందరు తరిగినంత బెజవాడ పెరిగింది. బందరు రోడ్డు ఇవాళ బెజవాడలో ఉన్న ఖరీదైన స్థలాల చిరునామా. ఆ పేరు ఇచ్చిన ఊరి కోట మాత్రం ఉప్పునీటిలో నానుతోంది.

ఇప్పుడు నీరు చేస్తున్న పని

అక్కడ మిగిలిన కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఊళ్లోని డచ్చి శ్మశానం కూడా అంతే. రక్షిత కట్టడం అని బోర్డు ఉంటే గోడ నిలబడుతుందా అంటే, బోర్డుకు ఉప్పు సంగతి తెలియదు.

పాత ఇటుక గోడ ఒత్తి లాంటిది. పునాది కింద ఉన్న ఉప్పునీటిని సన్న రంధ్రాల ద్వారా పైకి పీలుస్తుంది. నీరు గోడ ముఖం దగ్గర ఆరిపోతుంది. ఉప్పు మిగులుతుంది. మిగిలిన ఉప్పు పలుకులుగా పెరుగుతూ ఇటుకను లోపలినుంచి నెడుతుంది. ముందు గోడకు తెల్లగా పూత, తర్వాత పొక్కులు, చివరకు ఇటుక పిండిపిండిగా రాలడం. తీర గ్రామాల ఇళ్లలో అడుగున రెండు మూడు అడుగుల మేర గోడ తినేసినట్టు ఉండటం చూసే ఉంటారు. ఇక్కడా అదే.

దీనికి అందరూ చేసే మరమ్మతు సిమెంటు పూత. కొత్త ఇళ్లకు అలవాటైన చేత్తో పాత గోడకూ అదే పూస్తారు. గానుగ సున్నంతో కట్టిన గోడ ఊపిరి పీల్చినట్టు చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ ఇంకా పైకెక్కి, పూత లేని చోట వెలుపలికి వస్తుంది. రెండేళ్లకు పూత పెచ్చుగా ఊడుతుంది, ఊడుతూ ఇటుకను కూడా తీసుకుపోతుంది. పాత గోడకు సున్నమే మందు. అది ఊడినా ఫరవాలేదు, మళ్లీ పూయొచ్చు. గోడ బదులు అది అరిగిపోవడమే దాని పని.

రెండోది రావి మొక్క. పిట్ట వేసిన గింజ పగుల్లో మొలుస్తుంది. వేలెడంత ఉన్నప్పుడు పీకితే పోతుంది. చెయ్యంత లావయ్యాక పీకితే గోడ పోతుంది. మూడోది వాననీరు. కట్టడం చుట్టూ నీరు నిలవకుండా ఒక చిన్న కాలువ ఉంటే సగం జబ్బు తగ్గుతుంది.

ఈ మూడు పనులకూ కోట్లు అక్కర్లేదు. కావలసింది ఏటేటా చూసే కళ్లు. మంగినపూడి వైపు కొత్త పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. లోతులేని తీరానికి డ్రెడ్జర్లతో లోతు తెచ్చి, నాలుగు వందల ఏళ్ల కిందటి కొరతను ఇప్పుడు తీరుస్తున్నారు. సంతోషమే. పోర్టు వస్తే రోడ్లు, గోదాములు, స్థలాల ధరలు వస్తాయి. ఆ హడావిడిలో నాలుగు మొండి గోడలు ఎవరికీ అడ్డుగా అనిపించకూడదు. అనిపించకుండా ఉండాలంటే అవి ఏమిటో పదిమందికి తెలియాలి, ఇవాళ ఎలా ఉన్నాయో కాగితం మీద ఉండాలి.

మన సంఘంలో సివిల్ ఇంజినీర్లు, సర్వేయర్లు, ఫొటోలు బాగా తీసేవాళ్లు, కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు ఉన్నారు. స్వర్ణోత్సవ సంవత్సరంలో చేయదగిన పని ఒకటి చెబుతాను. పురావస్తు శాఖ అనుమతి తీసుకుని, ఆ కట్టడాల కొలతలు తీసి నకళ్లు గీద్దాం. ప్రతి గోడనూ ఒకే చోట నిలబడి ఫొటో తీద్దాం. వాళ్లు ఒప్పుకుంటే పగుళ్ల మీద చిన్న గాజు బిళ్లలు అతికించి తేదీ వేద్దాం. పగులు కదిలితే గాజు విరుగుతుంది. ఏటా వానాకాలం వెళ్లాక ఒక ఆదివారం వెళ్లి అవే కొలతలు, అవే ఫొటోలు తీసి శాఖవారికి ఇద్దాం. మరమ్మతు వాళ్ల పని. ఎక్కడ, ఎంత తొందరగా కావాలో చూపించడం మన పని. టేపు, లెవెల్ పరికరం నేను తెస్తాను. పేర్లు ఇవ్వదలచినవారు సంఘం కార్యాలయంలో ఇవ్వండి. వెళ్లే ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకుందాం. అక్కడ ఆ లెక్క ఇప్పటికీ అవసరమే.